మాస్కు తీసే గది

2020 జులైలో నాకు కోవిడ్ వచ్చింది. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. అప్పటికి కోవిడ్ వార్డులో డ్యూటీలు మొదలై చాలా వారాలైంది. "అంత పీపీఈ కిట్ వేసుకున్నా ఎలా వచ్చింది మేడమ్?" అని నర్సింగ్ చదివే పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు భయం సంగతి చెప్పాలి. లాక్‌డౌన్ మొదలైన ఆ మార్చిలోనే కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మావారు లేచి టీవీ కట్టేశారు. అదే రోజుల్లో ఐసీఎంఆర్ సలహా మేరకు మాకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఇచ్చారు. మొదటి రోజు 400 మిల్లీగ్రాములు రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి. కోవిడ్ రాకుండా అది ఆపలేదని తర్వాత పరిశోధనల్లో తేలింది. మాకు మాత్రం మాత్ర వేసుకున్న రాత్రి కాస్త నిద్రపట్టేది.

కిట్ వేసుకుంటే ఆరు గంటలు నీళ్ళు లేవు, బాత్రూమ్ లేదు. నెలసరి రోజుల్లో ఎలా గడిచేదో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. కొందరం డైపర్లు వేసుకునేవాళ్ళం. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి ఎదురుగా ఉన్న మనిషి మసకగా కనిపించేవారు. రెండు జతల గ్లవ్స్‌తో నరం చేతికి తెలిసేది కాదు. ముసలివాళ్ళకు క్యాన్యులా పెట్టడానికి రెండు మూడుసార్లు గుచ్చాల్సి వచ్చేది. వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఎన్95 మాస్కు పెట్టుకోగానే సరిపోదు. పెట్టుకున్నాక రెండు చేతులూ దాని మీద కప్పి గట్టిగా గాలి వదలాలి. అంచుల్లోంచి గాలి తగిలితే మళ్ళీ సర్దుకోవాలి. మాకు వచ్చినవన్నీ ఒకటే సైజు. సన్నటి మొహాలవాళ్ళకు చెంపల దగ్గర ఎప్పుడూ సందు ఉండేది. ఊపిరి గొట్టం వేసేటప్పుడు, సక్షన్ చేసేటప్పుడు ఆ సందు గుర్తొచ్చి నా కాళ్ళు వణికేవి.

వేసుకునేటప్పటి కంటే తీసేటప్పుడు ప్రమాదం ఎక్కువ. అప్పటికి ఒళ్ళంతా చెమట, దాహం, ఒక్కసారిగా అన్నీ లాగి పారేయాలనిపిస్తుంది. మా హెడ్ సిస్టర్ గుమ్మం బయట నిలబడి ఒక్కో మెట్టూ గట్టిగా చెప్పేవారు. "పై గ్లవ్స్. చేతులు రుద్దుకో. ఇప్పుడు సూట్. లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టు. మాస్కు ముందు భాగం ముట్టుకోకు." రాత్రి రెండింటికి డ్యూటీ మారినా ఆవిడ ఉండేవారు. కిట్ తీస్తూ మాలో ఎవరం తప్పు చేయకపోవడానికి కారణం మా జాగ్రత్త కాదు, ఆవిడ.

ఇంత చేసి ఆ తర్వాత మేం వెళ్ళేది డ్యూటీ రూమ్‌కి. చిన్న గది. కిటికీ తెరుచుకోదు. ఏసీ ఒకటే. షిఫ్ట్ దిగినవాళ్ళందరం మాస్కులు తీసి అక్కడే నీళ్ళు తాగేవాళ్ళం, డబ్బాలు విప్పి తినేవాళ్ళం. ఇంకో చోటు లేదు. రోగం తుంపర్లతో వస్తుంది, మీటరు దూరం ఉంటే చాలు అని మాకు చెప్పారు. మేమూ దూరం దూరంగానే కూర్చునేవాళ్ళం. ఇది గాలిలో కూడా వ్యాపిస్తుందని గుర్తించండంటూ అదే జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. గాలి ఆడని గదుల్లో వైరస్ దూరం వరకూ వ్యాపించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా రాసింది 2021 ఏప్రిల్ చివర్లో. ఆ తేదీలు చూసినప్పుడల్లా నాకు మా గది కిటికీ కళ్ళ ముందుకొస్తుంది.

ఆ జులైలోనే ఒక వారం, కలిసి తిన్నవాళ్ళలో చాలామందికి ఒకరి తర్వాత ఒకరికి జ్వరం వచ్చింది. నాకు వార్డు తుడిచిన హైపోక్లోరైట్ వాసన తెలియలేదు. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మొదటి వారం ఇంట్లో పైగదిలో ఉన్నాను. జ్వరం, ఒళ్ళు నొప్పులు. అత్తయ్యగారికి షుగర్ ఉంది. ఆవిడకు అంటించానేమోనని రాత్రుళ్ళు ఫోన్ చేసి దగ్గుతున్నారా అని అడిగేదాన్ని. మా వీధిలో కర్రలు అడ్డం కట్టారు. ఇంటికి పాలు రావడం ఆగిపోయింది. ఎదురింటి పిన్నిగారు మాత్రం రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్లు గేటుకి తగిలించి కేకేసి వెళ్ళేవారు. అందరూ తలుపులు వేసుకున్న రోజుల్లో ఆవిడ నా పేరు పెట్టి కేకేసేవారు. ఆ మేలు మరచిపోను.

ఎనిమిదో రోజు ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ 88కి పడింది. నేను పనిచేసిన వార్డులోనే నన్ను చేర్చారు.

రోగుల గురించి నాకు తెలిసిందంతా అప్పుడు నాకు శత్రువైంది. మానిటర్ అంకె చూసి ముందు ఏం జరుగుతుందో లెక్క వేసుకునేదాన్ని. నాన్ రీబ్రీదర్ మాస్కు పెట్టగానే తర్వాతిది వెంటిలేటర్ అని అర్థమైంది. "నాకు గొట్టం వేయకండి సార్" అని డ్యూటీ డాక్టర్ని బతిమాలాను. రోగులు అలా అడిగినప్పుడు ధైర్యం చెప్పేది నేనే. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పిల్ల వయసు నా వయసులో సగం ఉంటుంది. సూట్ మీద మార్కర్‌తో రాసుకున్న పేరు చూసి ఎవరో గుర్తుపట్టాను. మిగతా పడకలు చూసి వచ్చి మళ్ళీ నా పక్కన నిలబడేది. తెల్లవారేదాకా నన్ను బోర్లా పడుకోబెట్టడం, పక్కకు తిప్పడం చేసింది.

డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళలో అది మరణాలు తగ్గిస్తుందని ఆ జూన్‌లోనే బ్రిటన్‌లో తేలింది. మా ఎమర్జెన్సీ ట్రేలో ఎన్నో ఏళ్ళుగా ఉన్న చవక మందు అది. పొట్టకు హెపారిన్ పొడిచేవారు. పూర్తిగా కోలుకోవడానికి అవి, బోర్లా పడుకోవడం ఎంతెంత సాయపడ్డాయో విడదీసి చెప్పలేను.

లేచి బాత్రూమ్‌కి వెళ్ళే శక్తి లేదు. మంచం మీదే పాన్ పెట్టాల్సి వచ్చింది. ఎన్ని వేలసార్లు ఇతరులకు చేసినా, నాకు చేస్తుంటే కళ్ళు మూసుకుని మొహం గోడకి తిప్పుకున్నాను. మా వార్డు ఎఫ్‌ఎన్‌ఓ (మహిళా నర్సింగ్ ఆర్డర్లీ) అక్క నన్ను తుడిచి, బట్ట సర్ది, "సిగ్గెందుకమ్మా, పసిపిల్లవనుకో" అంది. ఆమెకు ఆ రోజు ఉన్నది సర్జికల్ మాస్కు ఒక్కటే. ఎన్95లు డాక్టర్లకు, సిస్టర్లకు వచ్చినంతగా వాళ్ళకు వచ్చేవి కాదు. పసుపు సంచుల్లో వార్డు చెత్త మోసేది వాళ్ళు. శవాలను చుట్టేది వాళ్ళు. కాంట్రాక్టు మీద ఉన్న శానిటేషన్ అన్న ఒకరు ఆ ఆగస్టులో పోయారు. నేను డిశ్చార్జ్ అయ్యేటప్పుడు వీల్ చైర్ తోసింది ఆయనే.

ఇంటికొచ్చాక మెట్లు ఎక్కలేకపోయేదాన్ని. జుట్టు ఊడింది. అత్తయ్యగారికి జ్వరం వచ్చి తగ్గింది, దేవుడి దయ. మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు కిట్ జిప్పు పైదాకా లాగగానే ఊపిరి ఆడనట్టయి ఏడుపొచ్చింది. హెడ్ సిస్టర్ జిప్పు కిందకు దించి, "ఇవాళ ఫైళ్ళు చూడు, రేపు చూద్దాం" అన్నారు. అలా కొన్నాళ్ళు గడిచింది. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాయి. ఆరోగ్య సిబ్బందికే ముందు. ఏప్రిల్, మే నెలల్లో రెండో దశ వచ్చేసరికి మా డ్యూటీ రూమ్ కిటికీ పగలగొట్టి జాలీ పెట్టించారు. వంతులవారీగా తినడం, లేదంటే వరండాలో తినడం అలవాటైంది. వార్డు ముందటికంటే ఘోరంగా నిండింది. మా నర్సుల్లో జ్వరపడినవాళ్ళు తగ్గారు. టీకా వల్లా, కిటికీ వల్లా, రెండిటి వల్లా అని నేను నమ్ముతున్నాను.

రేపు ఇంకో జ్వరం రావచ్చు. అప్పటికి వార్డులో ఉండేది మీరు. మీ మొహానికి సరిపోయే మాస్కు అడగండి. కిట్ తీసేటప్పుడు పక్కన నిలబడి చూసే మనిషిని అడగండి. మీరు మాస్కు తీసి అన్నం తినే గదికి కిటికీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే సూపరింటెండెంట్ గారికి కాగితం రాసి ఇవ్వండి. ఆ కాగితంలో ఎఫ్‌ఎన్‌ఓలకు, శానిటేషన్‌వాళ్ళకు కూడా మీతో సమానంగా ఎన్95లు ఇమ్మని రాయండి. వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు ఆసుపత్రిలో తక్కువ.