నల్లగోడ మీద పూలు

పోయిన నెల నాందేడ్ నుంచి బీదరుకు, మా చెల్లె ఇంటికి బయలుదేరాను. పెద్దపిల్లకు పెళ్ళిచూపులు. పొయ్యి పొగకు మా గోడంతా నల్లబడింది. సున్నం వేయించడానికి చేబదులు అడుగుదామని పోయాను. ఔరాద్ దాటాక సంతపూర్‌లో బస్సు ఆగితే చాయ్ తాగాను. ఎదురింటి నల్లటి గూటి చుట్టూ తెల్లటి చుక్కల ముగ్గు. ఎంత ముద్దుగుందో!

చెల్లెకూ ఇబ్బందే, అడగలేకపోయాను. తను నన్ను బిద్రీ పనివాళ్ళ దుకాణానికి తీసుకుపోయింది. జస్తం, రాగి కరిగించి పోత పోస్తారు. దాని మీద పూలు చెక్కి వెండి తీగ దిగ్గొడతారు. బీదరు కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్ళు తగిలితే జస్తం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తుంది. చిన్న డబ్బీ ధర వింటేనే గుండె జల్లుమంది. అయినా చూడ్డానికి పైసలెందుకు?

ఇంటికొచ్చి మసి కలిపిన మట్టితో ఆ గోడను ఇంకా నల్లగా అలికాను. నేనూ పిల్లా కలిసి సుద్దతో తీగలు, పూలు గీశాం. చూపులకొచ్చిన పెద్దమ్మ, "ఈ పూలు ఎవరు వేశారమ్మా?" అని అడిగింది.

"మా అమ్మా, నేనూ" అంది పిల్ల, తల దించుకోకుండా.