ఒకే పేరుతో రెండు పత్రికలు

బెర్లిన్‌లో ఆదివారం పాతసామాన్ల సంతకు వెళితే నా కాళ్లు పాత పత్రికల బల్ల దగ్గరే ఆగిపోతాయి. అక్కడ తరచుగా కనిపించేది ‘బెర్లీనర్ ఇలుస్ట్రీర్టె త్సైటుంగ్’. పసుపు తిరిగిన కాగితం, ముఖచిత్రంగా పెద్ద ఫొటో, దాని కింద రెండు ముక్కల వివరం.

1892లో పుట్టిన ఈ సచిత్ర వారపత్రికను రెండేళ్లకే ప్రచురణకర్త లియోపోల్డ్ ఉల్‌స్టైన్ చేతిలోకి తీసుకున్నాడు. వెల 10 ఫెన్నిగ్‌లు. కూలీలు, గుమస్తాలు కూడా కొనుక్కోగలిగారు. సంపాదకుడు కుర్ట్ కోర్ఫ్ ఫొటోలతోనే కథ చెప్పించాడు. 1930 ప్రాంతానికి వారానికి 18 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యేవి. విక్కీ బౌమ్ నవల 1929లో ఇందులోనే సీరియల్‌గా వచ్చి, తర్వాత హాలీవుడ్‌లో ‘గ్రాండ్ హోటల్’ సినిమా అయింది. సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన తెలుగు పాఠకులకు ఆ ఆత్రం గురించి వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ పత్రిక చేసినవన్నీ మంచి పనులని నేననను. 1919 ఆగస్టులో ఫ్రీడ్రిష్ ఎబెర్ట్ జర్మనీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన వారంలోనే, ఆయనా మంత్రి నోస్కే ఈతచెడ్డీలతో సముద్రంలో నిలబడ్డ ఫొటోను ముఖచిత్రంగా వేసింది. గణతంత్రమంటే గిట్టనివాళ్లకు అంతకన్నా ఏం కావాలి! పక్కన నిండు సైనిక దుస్తుల్లో ఉన్న మాజీ చక్రవర్తి కైజర్ బొమ్మ పెట్టి పోస్టుకార్డులు అచ్చేశారు. అప్పుడే నిలదొక్కుకుంటున్న ప్రజాప్రభుత్వాన్ని అలా నవ్వులపాలు చేయడం, నా దృష్టిలో, పెద్ద తప్పు.

అదే పత్రిక ఫొటోగ్రాఫర్ ఎరిష్ సాలమన్‌ను లోకానికి పరిచయం చేసింది. న్యాయశాస్త్రం చదివిన ఆయన 1928లో టోపీలో కెమెరా దాచుకుని కోర్టు విచారణను ఫొటోలు తీశాడు. దౌత్యవేత్తలు అర్ధరాత్రి దాటాక సోఫాల్లో కూలబడి కునుకు తీస్తున్న దృశ్యాలూ ఆయనవే. పెద్దవాళ్లను మామూలు మనుషులుగా చూపించిన ఆ కళ్లంటే నాకెంతో గౌరవం.

1933లో హిట్లర్ వచ్చాడు. ఉల్‌స్టైన్‌లు యూదులు. మరుసటి ఏడాదే సంస్థను కారుచౌకగా వదులుకోవాల్సి వచ్చింది. కోర్ఫ్ అమెరికా చేరి ‘లైఫ్’ పత్రిక తయారీకి సలహాలిచ్చాడు. సాలమన్‌ను 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. పత్రిక మాత్రం 1945 దాకా నాజీల గొంతుగా నడిచింది.

సంతలో 1929 సంచికనూ 1939 సంచికనూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో బజారు జనం, ఆటగాళ్లు, నటీమణులు. రెండోదాంట్లో సైనికులు, జెండాలు. పైన పేరు మాత్రం అదే. ఆ కాగితాలను ఎవరో దాచబట్టే ఈ తేడాను కళ్లారా చూడగలిగాను. మీ ఇంటి అటకమీద పాత వారపత్రికల కట్టలుంటే దయచేసి తూకానికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.