శొంఠికొమ్ముకీ కొలత ఉంది

పాలకొల్లు మీదుగా నర్సాపురం చేరి, మాధవాయిపాలెం రేవులో పంటెక్కితే వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డే సఖినేటిపల్లి. మాఘమాసం, అంతర్వేది తీర్థం రోజులు. పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, వీటన్నిటి మధ్య బిక్కమొహం వేసుకుని ఒక మేకపిల్ల! నది దాటేసరికి చలిగాలికి నా గొంతు పట్టేసింది. మేనత్త ఇంట్లో అడుగుపెట్టి రెండుసార్లు దగ్గానో లేదో, "కూర్చోరా అబ్బాయీ, కషాయం పెడతాను," అంటూ ఆవిడ వంటింట్లోకి నడిచింది.

శొంఠికొమ్ము నలగ్గొట్టి, నాలుగు మిరియాలు, రెండు పిప్పళ్ళు, గుప్పెడు తులసాకు, ఒక అతిమధురం ముక్క వేసి, చెంబెడు నీళ్ళు గ్లాసెడయ్యేదాకా కాచింది. తాటిబెల్లం కలిపి ఇచ్చింది. అది వెచ్చగా గొంతు దిగుతూంటే ప్రాణం లేచివచ్చినట్లయింది. శొంఠిలేని కషాయం లేదని పెద్దలు ఊరికే అనలేదు. అల్లం ఎండినప్పుడు దానిలోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది. శొంఠికి ఆ ఘాటు అందుకే.

పట్నాలలో దీనినే అందమైన పొట్లాలలో కట్టి 'హెర్బల్ టీ' అని అమ్ముతున్నారు. నిజానికి అందులో తేయాకే ఉండదు! టీ అన్న మాట చైనాలోని అమోయ్ రేవువారి 'తే'. దానిని ఐరోపాకు మోసుకుపోయినవారు డచ్చి వర్తకులు. 17వ శతాబ్దంలో వారి కొఠీ ఒకటి నేను దాటివచ్చిన పాలకొల్లులోనే ఉండేది. ఇక అస్సాంలో తేయాకు మొక్క రాబర్ట్ బ్రూస్ అనే దొర కంటబడింది 1823లో. కనుక మన ఇళ్ళలో టీ కొత్త చుట్టమే. కషాయం మాత్రం ఇంటి మనిషి. చరక సంహిత స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం అని అయిదు విధాల కషాయాలు చెప్పింది. వేడినీళ్ళలో మందు నాననిచ్చి వడగడితే ఫాంటం. మనం టీ చేసుకునే పద్ధతి అదే గదా!

ఈ పాండిత్యమంతా అత్తయ్యకు వినిపించి మురిసిపోతూంటే ఆవిడ నవ్వి, "నువ్వు దగ్గొచ్చి తాగావు. నేను నాలుగు నెలలుగా రెండు పూటలా తాగుతున్నాను. కమ్మగా ఉంటుందని అతిమధురం రెండింతలు వేసుకుంటాను," అంది.

అప్పుడు చూశాను, ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. ఆవిడకు రక్తపోటు ఉంది. మాత్రలు మానలేదు, అయినా ఈమధ్య తల తిరుగుతోందట. మర్నాడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. రక్తపోటు బాగా పెరిగి ఉంది. "మామ్మగారూ, రోజూ ఏమేం తాగుతున్నారు?" అని అడిగి, అతిమధురం మాట వినగానే ఆయన కలం కింద పెట్టారు. దానిలోని గ్లిసిరైజిన్ అనే పదార్థం ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేస్తుందట, పొటాషియంను తగ్గిస్తుందట. రక్తపోటు మనిషికి అది రోజూ పనికిరాదని గట్టిగా చెప్పారు.

అత్తయ్యకు రోషం వచ్చింది. "మా అమ్మ ఇచ్చిన కషాయం విషమంటారా?" అంది. దారిలో నెమ్మదిగా చెప్పాను: "విషమని కాదు అత్తయ్యా, కొలత తప్పిందంటున్నారు. శార్ఙ్గధరుడు కూడా మందు ఒక పాలు, నీళ్ళు పదహారు పాళ్ళు, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలని లెక్క చెప్పాడు. 2020లో కరోనా నాడు ఆయుష్ శాఖ చెప్పిన కషాయంలోనూ తులసి 4 పాళ్ళు, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. లెక్కలేని కషాయం ఎవరూ చెప్పలేదు."

ఆవిడ బదులు పలకలేదు.

శొంఠి వికారాన్ని అణుస్తుంది. వేడి కషాయం దగ్గుకు ఊరట ఇస్తుంది. కాని రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఇటువంటివి రోజూ తాగదలిస్తే ముందు వైద్యుణ్ణి అడగాలి. తాగేది ఏదైనా వైద్యుడి దగ్గర దాచకూడదు.

నెల తిరిగాక మళ్ళీ పంటు దాటి వెళ్ళాను. పాదాల వాపు తీసింది. వంటింట్లో అతిమధురం సీసా కనబడలేదు. శొంఠిపొడి డబ్బాలో మాత్రం చిన్న చెంచా ఒకటి వేసి ఉంది.

"ఏమిటత్తయ్యా ఇది?" అన్నాను.

"నీ శార్ఙ్గధరుడురా!" అంది, గ్లాసు చేతికిస్తూ.