దుమ్ము తిన్న మిషను

మా ఊళ్లో మంచం కోడుకు గ్యారంటీ అడిగినవాళ్లు లేరు. మా తాత ఖరాదు పట్టిన తుమ్మ కోళ్లు ఇప్పటికీ మూడు నాలుగిళ్లలో నిలబడే ఉన్నాయి. నులక ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు గానీ కోళ్లు మాత్రం అవే. ఎప్పుడైనా వదులైతే మంచాన్ని మళ్లీ తాత దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు. ఆయన ఓ చీల కొట్టి పంపేవాడు. బిల్లు లేదు, కార్డు లేదు, సీలు లేదు.

దేవరకొండ దాపున ఉన్న ఆ ఊళ్లో, ఆ కొట్టంలోనే ఇప్పుడు మా చిన్నాయన పనిచేస్తున్నాడు. మంచాలు అడిగేవాళ్లు తగ్గారు. కొత్త ఇళ్ల మెట్లకు నిలబెట్టే గుండ్రటి కర్రలు, తొట్టెల కాళ్లు, చపాతీ కర్రలు, ఈ మధ్య పట్నం వాళ్లు ముచ్చటపడి కొనే కొయ్య గిన్నెలు... ఇదీ పని. ఖరాదు అంటే కొయ్యను గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే మిషను. తరిమెన అనే మాట పుస్తకాల్లో చూశాను గానీ మా జిల్లాలో ఉర్దూ నుంచి వచ్చిన ఖరాదే నోటికి అలవాటు. రందా, బర్మా కూడా అలా వచ్చినవే. నా చిన్నప్పుడు దానికి మోటారు లేదు. ఒకరు తాడు గుంజాలి, ఒకరు ఉలి పట్టాలి. ఎండాకాలం సెలవుల్లో తాడు గుంజే ఉద్యోగం నాది. జీతం, ఓ బొంగరం.

చెక్కడం చూడ్డానికి బాగుంటుంది. చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంటే పిల్లలు చేరతారు. అసలు నడుం విరిగేది ఆ తర్వాత, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దేటప్పుడు. ముందు 80 నంబరు కాగితం, తర్వాత 120, 180, 220. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ఆ గీతలు అప్పుడు కనపడవు, పాలిష్ పెట్టాక కనపడతాయి. కర్రయితే తిరుగుతున్న కొయ్యకు కాగితం ఆనిస్తే చాలు. గిన్నె లోపలికి అలా కుదరదు. వేళ్లు కాలతాయి. అందుకే ఇప్పుడు చేతి డ్రిల్లుకు మెత్తటి స్పాంజి బిళ్ల తగిలించి, దానికి గుండ్రటి ఉప్పు కాగితం అంటించి, తిరిగే గిన్నెకు తిరిగే బిళ్లను ఆనిస్తున్నారు. గంట పని పావుగంటలో అయిపోతుంది.

చిన్నాయన అలాంటి డ్రిల్లే కొన్నాడు, ఆర్నెల్ల వారంటీతో. నాలుగో నెలలో కాలిపోయింది.

ఎందుకు కాలిందో కొట్టంలో ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. డ్రిల్లు వెనకవైపు ఉండే సందుల్లోంచి లోపలి ఫ్యాను గాలి పీల్చి మోటారును చల్లబరుస్తుంది. రంధ్రం వేసేటప్పుడు పీల్చేది మంచి గాలే. నున్నగా రుద్దేటప్పుడు మాత్రం పిండిలాంటి దుమ్ములో మునిగి ఉంటుంది. ఆ దుమ్ము తీగచుట్ల మీద పేరుకుంటుంది, బేరింగుల జిడ్డులో కలిసి ముద్దవుతుంది, కార్బన్ ముక్కలకూ ఆర్మేచరుకూ మధ్య చేరుతుంది. పైగా కాగితం కొయ్యను కాల్చకూడదని డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతారు. మోటారు నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. బరువు మాత్రం తగ్గదు. సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఇక చెప్పేదేముంది! ఇంకోటి కూడా ఉంది. డ్రిల్లు ముందుకు నొక్కడానికి పుట్టిన పనిముట్టు. రుద్దేటప్పుడు దాన్ని పక్కకు నొక్కుతాం. ముందున్న బేరింగు ఆ పక్క బరువుకు అరుగుతుంది.

ఆ దుమ్మే మన ముక్కులోకీ పోతుంది. కొయ్య దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే తేల్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే చిన్నాయన నవ్వుతాడు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇంకా పంచాయితీ నడుస్తూనే ఉంది.

కాలిన మిషను పట్టుకుని కొన్న షాపుకు వెళ్లాడు. సుమారు వంద కిలోమీటర్ల దూరం. బస్సు చార్జీలు పోనీ, ఓ రోజు పని పోయింది. షాపతను కార్డు తిరగేసి చూపించాడు. కార్బన్ ముక్కలు, స్విచ్చి, వైరు, బేరింగులు అరిగే సామాన్లు కాబట్టి వాటికి వారంటీ లేదు. బయటి మెకానిక్కు విప్పితే లేదు. వ్యాపారానికి వాడితే అసలే లేదు.

ఆ రాత్రి చిన్నాయన ఫోను చేశాడు. "మనది యాపారమంట బిడ్డా. నేను యాపారస్తుణ్ణి ఎప్పుడైన్నో నాకే ఎరుక లేకపాయె" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నెలు అప్పజెప్పాల్సిన గడువు వారం ఉంది. అడ్వాన్సు తీసుకుని ఆ డబ్బుతోనే కొన్నాడు ఆ డ్రిల్లును.

వ్యాపారం అనే ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్లను వినియోగదారులుగా లెక్కపెట్టదు, నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొంటే అది వ్యాపారం కిందికి రాదని అందులోనే వివరణ ఉంది. 1986 చట్టంలోకి సవరణతో చేరిన ఆ వివరణ 2019లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. దీని మీద లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ కేసులో మిషను కొన్న సంస్థ ఓడిపోయింది. అయినా తీర్పులో కోర్టు కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడే. బతుకుదెరువు కోసం తానే నడుపుకునేందుకు లేత్ మిషను కొన్నవాడూ వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. లేత్ అంటే మన ఖరాదే! మా కొట్టాన్ని చూసే రాశారా అనిపించింది నాకు.

అయితే దీన్ని మంత్రదండం అనుకోవద్దు. చట్టం కమిషన్ గుమ్మం దాకా తీసుకెళుతుంది. మిషను తయారీలోనే లోపముందా, వాడకంలో పోయిందా అనేది అక్కడ తేలాలి. దుమ్ముతో నిండిన డ్రిల్లును చూస్తే అవతలివాళ్లకూ ఓ మాట దొరుకుతుంది. కొత్త చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. సరుకుకు చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

కమిషన్ దాకా పోకముందే కంపెనీకి తెల్లకాగితం మీద ఓ ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాం. బిల్లు జత చేద్దామని తీస్తే అక్షరాలు సగం ఎగిరిపోయాయి. మిషనులోంచి వచ్చే ఆ నున్నటి కాగితం బిల్లులు ఇంతే, వారంటీ కంటే ముందే వాటి ఆయుష్షు తీరుతుంది. అదృష్టం బాగుండి చిన్నమ్మ కొన్నరోజే జిరాక్సు తీయించి బియ్యం డబ్బాలో దాచింది. మూడు వారాలకు కబురొచ్చింది. ఆర్మేచరు ఉచితంగా మార్చారు. కార్బన్లకూ స్విచ్చికీ మాత్రం డబ్బులు కట్టించుకున్నారు. అది న్యాయమేనని నా లెక్క. అరిగేవి అరుగుతాయి. చిన్నాయన ఒప్పుకోడు. ఈలోగా గిన్నెల గడువు దాటకుండా ఆయనా చిన్నమ్మా రాత్రిళ్లు చేత్తోనే రుద్దారు.

ఇప్పుడు పద్ధతి మారింది. 80 నంబరు రుద్దుడంతా డ్రిల్లు లేకుండా ఖరాదు మీదే అయిపోతుంది. లోపలి వంపులకే డ్రిల్లు. పది నిమిషాలకోసారి ఆపి, బరువు లేకుండా కాసేపు వేగంగా తిప్పి చల్లారనిస్తాడు. సాయంత్రం సైకిలు పంపుతో సందుల్లోని దుమ్ము ఊదుతాడు.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం కూడా ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా వోచరు ఇస్తారు. దానితో ఇంకో మిషను తీసుకుందామని ఇద్దరం కలిసి వెళ్లాం. షాపతను వాట్లు, వేగం, రంగు అన్నీ వివరిస్తున్నాడు. చిన్నాయన అంతా విని అడిగిన మొదటి మాట, "సేటూ, దీని కార్బన్లు దేవరకొండల దొరుకుతయా?"