కనుమ నాడు అత్తయ్యగారికి సెలవు

పోయినేడు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమలోని మా అత్తారి ఊరు చేరడానికి మాకు పదహారు గంటలు పట్టింది. భోగి ముందు రోజు సాయంత్రం ఆఫీసు కాల్ ముగించుకుని, రెండేళ్ల పాపని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి ఏడింటికి బయల్దేరాం. పంతంగి టోల్‌గేట్ దగ్గరికి వచ్చేసరికే రాత్రి పదకొండు. ఫాస్టాగ్ ఉంటే మాత్రం ఏం లాభం, ముందు కారు కదిలితే కదా! సూర్యాపేట దాటాక పాప వాంతి చేసుకుంది. మార్చాల్సిన బట్టలేమో డిక్కీలో, అన్నిటికంటే అడుగున ఉన్న బ్యాగులో. రోడ్డు పక్కన ఫోన్ లైటు వెలుగులో బ్యాగులన్నీ కిందకి దించుతూ నేనూ మా ఆయనా ఆడుకున్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇల్లు చేరేసరికి భోగి మంట బూడిదైపోయింది. స్నానం చేసి, చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మళ్లీ బయటికి వచ్చింది ముక్కనుమ నాడే. మధ్యలో పండగ రోజు ఆఫీసు నుంచి ఫోన్. ఒక చేతికి అరిసెల పిండి, ఇంకో చేత్తో లాప్‌టాప్. తిరిగి వచ్చాక టీమ్‌లో ఎవరో "పండగ ఎలా జరిగింది?" అంటే "సూపర్" అన్నాను. నిజానికి ఆ నాలుగు రోజుల్లో నేను ఒక్క కొబ్బరి చెట్టు కూడా తీరిగ్గా చూడలేదు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే తర్వాత ఒక పోస్ట్‌మార్టమ్ రాస్తాం. పేరు విని భయపడకండి. ఎవరినీ తిట్టకుండా, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి అని రాసుకునే కాగితం అది. పోయినేడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాప నిద్రపోయాక, మా సంక్రాంతి మీద నేనూ మా ఆయనా అదే రాశాం. తేలిన కారణాలు మూడు. ఊరంతా బయల్దేరే రోజే మేమూ బయల్దేరాం. సామాను సర్దింది ఒకరు, దించింది ఇంకొకరు. మూడోది, నేను ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకేసారి డ్యూటీలో ఉన్నాను.

మొదట మూడోదాని సంగతి చూశాను. మా టీమ్‌లో ఆన్‌కాల్ డ్యూటీ వారానికొకరిది. ఒక మలయాళీ అబ్బాయితో ఒప్పందం చేసుకున్నా. అతని ఓణం వారం నేను చూస్తా, నా సంక్రాంతి వారం అతను చూస్తాడు. జనవరిలో అడిగి ఉంటే "సారీ" అనేవాడేమో. ఆగస్టులో అడిగేసరికి సంతోషంగా ఒప్పుకున్నాడు.

తర్వాత టికెట్లు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుస్తున్నారు. భోగి జనవరి 14న. మేం 11వ తేదీ ఆదివారం రాత్రి బండి అనుకున్నాం. అంటే నవంబర్ 12, ఉదయం ఎనిమిదింటికి. ఇద్దరం రెండు ఫోన్లు పట్టుకుని, పాప చేతికి అరటిపండు ఇచ్చి కూర్చున్నాం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దొరికాయి. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కానీ బెర్తు ఇవ్వరు. కాబట్టి ఒక్క లోయర్ బెర్త్ అయినా ఉండేలా చూసుకోండి. పిల్లకి రెండు జతల బట్టలు, తువ్వాలు, ఒక కవరు, మంచినీళ్లు మాత్రం భుజాన వేసుకునే చిన్న సంచిలో. చీరలూ ప్యాంటుముక్కలూ వారం ముందే కొరియర్‌లో పంపేశాం.

ఇంకో పని మిగిలింది, అదే కష్టమైంది. మాది హనుమకొండ. మా వైపు సంక్రాంతి అంటే సకినాలు. పెళ్లయ్యాక ఐదేళ్లుగా పండగ ఏ ఇంట్లో అన్నది ప్రతి డిసెంబర్లోనూ చిన్న యుద్ధం. ఈసారి పండక్కి ముందు శనాదివారాలు అమ్మ దగ్గరికి వెళ్దామనుకున్నాం. ఫోన్ చేసి చెప్తే అమ్మ, "గట్లనే రా బిడ్డా, నువ్వొచ్చిన్నాడే మాకు పండుగ" అంది. ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. అయినా వెళ్లాం. అమ్మ బట్ట పరిచి సకినాలు చుడుతుంటే, పాప పక్కన కూర్చుని వంకర గుండ్రాలు చుట్టింది.

పదకొండో తేదీ రాత్రి ముగ్గురం నిద్రపోయాం. తెల్లవారుజామున కొవ్వూరు దాటి బండి గోదావరి మీదికి రాగానే చక్రాల చప్పుడు మారింది. పాపని లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. చీకట్లో నీళ్లు సరిగ్గా కనబడలేదు కానీ, "అమ్మా, ఇంకా అయిపోలేదా?" అని మూడుసార్లు అడిగింది. అంత పొడుగు వంతెన మరి.

అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుకే రాజమండ్రిలో దిగి బస్సెక్కాం. జొన్నాడ దగ్గర గౌతమి పాయ దాటితే రావులపాలెం. అక్కడ అరటి గెలల లారీలు. అక్కడి నుంచి రోడ్డు పక్కన కాలువ, కాలువ పక్కన కొబ్బరి. ఈసారి చూశాను, తీరిగ్గా.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్యగారు ఐదు కేజీల బియ్యం నానబోసి ఉన్నారు. అరిసెలకి. నేను మెల్లగా, "ఈసారి బయట చేయిద్దామా అండీ?" అన్నా.

"కొన్న అరిసెలు పెడితే నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అన్నారావిడ, తల ఎత్తకుండా.

వాదించలేదు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాప కోసం భోగి పిడకల దండ గుచ్చుతున్నాం. ఊరికే మాటల్లో అడిగాను. "అత్తయ్యగారూ, జగ్గన్నతోట ప్రభలు ఎలా ఉంటాయండీ?"

"బాగుంటాయంటమ్మా."

'అంట' అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది.

మీకు తెలియకపోతే చెప్తాను. కనుమ నాడు కోనసీమలో జరిగే తీర్థాల్లో జగ్గన్నతోటది చాలా పేరున్నది. అక్కడ గుడి ఉండదు, కొబ్బరితోటే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద అక్కడికి వస్తారు. వెదురుతో కట్టి, రంగు బట్టలు, దారాలు, గంటలు అలంకరించిన ప్రభల్ని మనుషులు భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే.

"అది టీవీలో చూశానమ్మా" అన్నారు అత్తయ్యగారు. మా ఇంటికి జగ్గన్నతోట ఆరు కిలోమీటర్లు. ఆవిడ ఈ ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్కసారీ వెళ్లలేదు. ఎందుకంటే తీర్థానికి వచ్చే చుట్టాలందరూ భోజనానికి మా ఇంటికే వస్తారు.

రాత్రి పడుకున్నాక నాకు మా పోస్ట్‌మార్టమ్ గుర్తొచ్చింది. అందులో నా రైలు, నా సామాను, నా ఆఫీసు ఉన్నాయి. ఈవిడ లేరు. ఆఫీసులో ఎవరైనా ముప్పై ఒక్క ఏళ్లు వరసగా ఆన్‌కాల్ చేశారంటే ఒప్పుకుంటామా? ఇక్కడ మాత్రం ఎవరికీ అది తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు. నా సెలవు కోసం నేను తప్పుకుంటే, ఆ పని కూడా ఆవిడ మీదే పడేది.

పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టాను. మా ఆయన, మరిది, మావయ్యగారు. "కనుమ నాడు అత్తయ్యగారు తీర్థానికి వెళ్తారు. వంట, వడ్డన మీరు ముగ్గురూ చూడాలి." మావయ్యగారు పేపరు కాస్త పైకెత్తారు, మొహం కనబడకుండా. అత్తయ్యగారే ఎక్కువ గాభరా పడ్డారు. "వీళ్లు వండితే ఎవరు తింటారమ్మా?"

బేరం మొదలైంది. అరిసెలు నైవేద్యానికి, ఆడపడుచుకి సరిపడా ఇంట్లో వండుతాం. మిగతా బియ్యం, బెల్లం వీధి చివర పిండివంటలు చేసి అమ్మే ఆవిడకి ఇచ్చి, కూలి ఇచ్చేస్తాం. మన బియ్యమే కాబట్టి కొన్నవి కావు! ఆ మాటకి అత్తయ్యగారు దిగొచ్చారు. కనుమ భోజనంలో పులిహోర, గారెలు, ఒక కూర, పెరుగు. కోడికూర ముక్కనుమకి వాయిదా. గారెల పిండి మాత్రం ముందే రుబ్బి ఉంచుతానన్నారు. అంతకంటే వదులుకోవడానికి ఆవిడ సిద్ధంగా లేరు. నేనూ అక్కడితో ఆగాను.

భోగి పొద్దున మంట వెలుగు చూశాను. సాయంత్రం పాప నెత్తిన రేగుపళ్లు, పూలరెక్కలు, చిల్లర పోస్తుంటే అది కళ్లు మూసుకుని నవ్వింది. పోయినేడు ఆ ఫొటో మాత్రమే చూశాను నేను.

కనుమ నాడు బయల్దేరుతుంటే పక్కింటావిడ అడిగింది. "కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదండీ?"

"ప్రయాణానికి కాదు కదండీ, తీర్థానికే" అన్నారు అత్తయ్యగారు. కొత్త చీర కట్టుకున్నారు.

పాప మణికట్టు మీద పెన్నుతో ఫోన్ నంబరు రాశాను. టోపీ, నీళ్ల సీసా, చెవుల్లోకి దూది. బాణసంచా చప్పుడు గట్టిగా ఉంటుంది. మీరూ పిల్లలతో వెళ్తే ఇవి మర్చిపోవద్దు. ఆటో దిగి కొంత దూరం నడవాలి. ముందు కాలువ గట్టు దగ్గర ఆగాం. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలువలోంచి దాటుతోంది. పీకల్లోతు నీళ్లలో మనుషులు, వాళ్ల భుజాల మీద అంత ఎత్తు ప్రభ, ఒక పక్కకి ఒరిగి మళ్లీ నిలబడింది. చుట్టూ "శరభ, శరభ" అని ఒకటే అరుపులు. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఐదేళ్లలో మొదటిసారి.

తోటలో ప్రభలు వరసగా నిలబడ్డాయి. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒకసారి పైకి లేపారు. పెద్దాయన వస్తే లేచి నిలబడ్డట్టు. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. కళ్లు తుడుచుకుని అన్న మొదటి మాట, "గారెలు సరిపోయాయో లేదో!"

ఫోన్ చేద్దామంటే ఆ జనంలో సిగ్నల్ లేదు. అదీ మంచికే. పాపకి జీళ్లు, ఆవిడకి గాజులు కొన్నాం. గాజులు ఆవిడే ఎంచుకున్నారు, బేరమాడి మరీ.

ఇంటికొచ్చేసరికి పులిహోరలో ఉప్పు ఎక్కువైందని తెలిసింది. ఒక చుట్టం "ఇంటావిడ లేకపోతే ఇంతే" అన్నాడట. గారెలు మాత్రం మిగల్లేదు. అంట్లలో సగం మా ఆయన తోమాడు. మిగతా సగం రాత్రి తొమ్మిదింటికి అత్తయ్యగారే తోమారు, ఎంత చెప్పినా వినకుండా. నేను పక్కన నిలబడి కడిగిచ్చాను. కొత్త గాజులు అంట్ల మధ్య చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

పండక్కి ముందే ప్లాన్ చేసుకోండి, టికెట్లు అరవై రోజుల ముందు తీసుకోండి, ఆఫీసులో వంతులు ఇప్పుడే మార్చుకోండి. అన్నీ పనికొచ్చేవే. వాటితో పాటు, ఈసారి ఊరెళ్లినప్పుడు మీ వంటింట్లో ఉన్నావిడని ఒక మాట అడగండి. మీ ఊరి తీర్థం ఎలా ఉంటుందో చెప్పమనండి. చివర్లో 'అంట' వినబడితే, ఆ రోజు వంట ఎవరిదో మీరే చూసుకోండి.