అనకాపల్లి నుంచి అస్తానాకు: చౌక టికెట్టు, అసలు ఖర్చు

మంచు కురిసే రాజధాని నగరాల్లో మధ్యతరగతి తెలుగు కుటుంబానికి తక్కువ ఖర్చులో అందేవి కొన్నే. వాటిలో ఒకటి కజకిస్తాన్ రాజధాని అస్తానా. 1997 నుంచి రాజధానిగా ఉన్న ఈ నగరం చలిలో ఉలాన్‌బాతర్‌కు మాత్రమే తీసిపోతుందని పేరు. జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు పదిహేను డిగ్రీల దిగువన ఉంటుంది. కొన్ని రాత్రులు మైనస్ 30 కూడా దాటుతుంది. ఆ దేశంలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులు ఉండటంతో, పిల్లల్ని చూసి రావడానికి వెళ్లే తల్లిదండ్రులూ ఉంటారు.

మొదటి ఆదా వీసా దగ్గరే కనిపిస్తుంది. 2022 జులై నుంచి భారతీయులు వీసా లేకుండా ఒక్కో విడత 14 రోజుల వరకు కజకిస్తాన్‌లో ఉండవచ్చు. అదే హెల్సింకీకో స్టాక్‌హోంకో వెళ్లాలంటే షెంగెన్ వీసాకు పెద్దలకు 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, వేలిముద్రలు ఇవ్వడానికి వీసా కేంద్రానికి ప్రయాణం తప్పవు. వీసా నిరాకరిస్తే ఆ రుసుము తిరిగి రాదు.

అనకాపల్లి నుంచి ప్రయాణం సాధారణంగా నాలుగు అంచెలు: విశాఖ విమానాశ్రయం, ఢిల్లీ, ఆల్మటీ, అస్తానా. ప్రతి అంచెకూ వేరే లెక్క ఉంటుంది. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోని పాత విమానాశ్రయం విశాఖ నగరానికి అనకాపల్లి వైపునే ఉంది కాబట్టి అక్కడి నుంచి విమానం ఎక్కితే ఆటో, కారు ఖర్చు తక్కువ. భోగాపురంలోని కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కాలంటే విశాఖ మొత్తం దాటి మరో 45 కిలోమీటర్లు వెళ్లాలి. నలుగురున్న కుటుంబానికి రానూపోనూ కారు కిరాయి అప్పుడు చిన్న మొత్తమేమీ కాదు. విశాఖ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళితే టికెట్టు డబ్బు మిగులుతుంది. అయితే దారిలో ఒకటిన్నర రోజు గడుస్తుంది, భోజనాల ఖర్చూ ఉంటుంది. ఆల్మటీ నుంచి అస్తానాకు ఫ్లైఅరిస్తాన్ వంటి చౌక విమానాలున్నాయి, రాత్రంతా నడిచే టాల్గో రైలూ ఉంది. రైల్లో బెర్తు తీసుకుంటే ఆ రాత్రికి హోటల్ గది అక్కర్లేదు.

అన్ని అంచెలకూ ఒకే పీఎన్ఆర్ మీద టికెట్టు కొనడమా, విడివిడిగా కొనడమా అన్నది ఈ ప్రయాణంలో అతి పెద్ద ఆర్థిక నిర్ణయం. విడివిడిగా కొంటే తెర మీద కనిపించే మొత్తం తగ్గుతుంది. కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం ప్రయాణికుడిదే. ఢిల్లీలో లగేజీ తీసుకుని, అవసరమైతే టెర్మినల్ మారి మళ్లీ చెకిన్ చేయాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీని కమ్మేసే పొగమంచుకు విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. కాబట్టి ఆ రోజుల్లో విడి టికెట్లు కొంటే ఢిల్లీలో ఒక రాత్రి బసను కూడా లెక్కలో వేయాలి. ఉదాహరణకు విడి టికెట్ల వల్ల మనిషికి 5,000 రూపాయలు మిగిలాయనుకుందాం. గదికి 2,500, అదనపు లగేజీకి 2,000, టాక్సీకి 500 పోతే మిగిలేదేమీ లేదు.

ఏ సంస్థ విమానం ఎక్కుతున్నామన్నదీ చూసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకు మూసివేసింది. దూరం పెరిగి ఆల్మటీ, తాష్కెంట్ తమ విమానాలకు అందని దూరంలో పడ్డాయంటూ ఇండిగో ఆ సర్వీసులను రద్దు చేసింది. ఆ నిషేధం కజకిస్తాన్ సంస్థ ఎయిర్ అస్తానాకు వర్తించలేదు. ఇలాంటి రద్దులో సంస్థ తన టికెట్టు డబ్బు తిరిగి ఇస్తుంది గానీ, విడిగా కొన్న విశాఖ-ఢిల్లీ టికెట్టుతోనూ హోటల్ అడ్వాన్సుతోనూ దానికి సంబంధం ఉండదు. అందుకే రద్దు చేసుకునే వీలున్న గది కొద్దిగా ఖరీదెక్కువైనా మేలు.

ప్రయాణకాలాన్ని బట్టి టికెట్టు ధరతో పాటు బట్టల ఖర్చూ మారుతుంది. మార్చి 21 నాటి నౌరుజ్ పండుగ, వేసవి సెలవుల్లో రద్దీ ఎక్కువ. నడి చలికాలంలో రద్దీ తగ్గినా, లంబసింగికి కొనుక్కున్న స్వెట్టరూ మంకీ క్యాపూ అక్కడి గాలికి ఆగవు. లోపల థర్మల్స్, మధ్యన ఉన్ని, పైన గాలి చొరని కోటు, మంచులో జారని బూట్లు కావాలి. ఒక్కసారికే కొనడం కంటే బంధువుల దగ్గర అరువు తెచ్చుకోవడం నయం. చౌక విమానాల్లో కనీస ఛార్జీకి చిన్న చేతిసంచి మాత్రమే అనుమతిస్తారు. కాబట్టి బరువైన కోటు, బూట్లు ఒంటి మీదే వేసుకుని ఎక్కితే లగేజీ రుసుము తగ్గుతుంది. ఏప్రిల్ చివర్లోనో అక్టోబరు మొదట్లోనో వెళితే మామూలు చలిబట్టలు చాలావరకు సరిపోతాయి.

అక్కడ చెల్లేది టెంగే. మన క్రెడిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం వరకు మారకపు రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తాయి. దుకాణంలో రూపాయల్లో కట్టమంటారా అని యంత్రం అడిగితే టెంగేనే ఎంచుకోవాలి, లేకుంటే ఆ మార్పిడికి మరింత చెల్లించాల్సి వస్తుంది. విమానం టికెట్టు, హోటల్ కలిపి ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. టికెట్టు మాత్రమే కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

ఇక డబ్బు సమకూర్చుకోవడం. పది నెలల ముందే మొత్తం ఖర్చును పదితో భాగించి రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే అప్పు చేయనక్కర్లేదు. చీటీ ముందే పాడితే పాటలో వదులుకున్న మొత్తమే వడ్డీ. బంగారం కుదువపెట్టి విహారానికి వెళ్లడం దానికన్నా నష్టం, ఎందుకంటే ప్రయాణం ముగిశాక కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పదో వంతు అత్యవసరాలకు పక్కన పెట్టి, ప్రయాణ బీమా కూడా చేర్చి, అనకాపల్లిలో ఇంటి గడప నుంచి మళ్లీ గడప వరకు మనిషికి ఎంతవుతుందో ఒక కాగితం మీద కూడాలి. ఆ మొత్తం తక్కువగా ఉన్నదే చౌక ప్రయాణం. టికెట్టు ధర అందులో ఒక పద్దు మాత్రమే.