కాలువ కింది ఊళ్లో బంగారు చేప

అలంపూర్ చౌరస్తాలో హైవే దిగి పడమరకు వెళ్తే శాంతినగర్ వస్తుంది. వడ్డేపల్లికి సెంటర్ అంటే ఇదే. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, మధ్యలో నడిగడ్డ. రెండు నదుల నడుమ ఉన్నా, ఇక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా మాట నీళ్ల దగ్గరికే వస్తుంది. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే ఆర్డీఎస్ కాలువ కింద 87,500 ఎకరాలు పారాలని లెక్క. చివరి పొలాల దాకా నీళ్లు రావట్లేదన్నది రైతుల పాత గోస.

మొన్న అక్కడ మా తమ్ముడి వరసాయన ఇంటికి వెళ్లాను. టీవీ పక్కన గాజు గిన్నె, అందులో చెంబెడు నీళ్లు, ఒక గోల్డ్ ఫిష్. ఐదో తరగతి చదివే వాళ్ల పాప నా దగ్గరికొచ్చి, "పెద్దనాయనా, ముందుగాల రెండు సచ్చిపోయినయి. ఇది గూడ సచ్చిపోతదా?" అంది. లోపల్నుంచి అవ్వ, "ఆ పాపం మనకెందుకు? కాలువల ఇడిసిపెట్టుండ్రి, పుణ్యమొస్తది" అంది.

తమాషా ఏమిటంటే, గోల్డ్ ఫిష్ కథలో ఆ పుణ్యానికీ పాత్ర ఉంది. చైనా చెరువుల్లో దీని పూర్వీకులు బూడిద రంగు చేపలు, తినడానికి పెంచేవాళ్లు. వాటిలో ఎప్పుడో ఒకటి ఎర్రగానో పసుప్పచ్చగానో పుట్టేది. అలాంటిదాన్ని చంపకుండా గుడి కోనేట్లో వదిలితే పుణ్యమని బౌద్ధులు నమ్మారు. సాంగ్ రాజుల కాలానికి (960-1279) వీటి కోసమే ఉద్యానాల్లో చెరువులు వెలిశాయి. మింగ్ రాజుల కాలంలో (1368-1644) ఇళ్లలో మట్టి తొట్లు, పింగాణీ తొట్లలో పెంచడం బాగా పెరిగింది. పైనుంచి చూస్తే అందంగా కనబడే జంట తోకలు, గుండ్రటి పొట్టలు ఉన్నవాటిని ఏరి పిల్లలు పెట్టించారు. తర్వాత జపాన్‌కు, 17వ శతాబ్దంలో యూరప్‌కు, 19వ శతాబ్దంలో అమెరికాకు వెళ్లాయి.

మన చెరువుల్లో పెంచే బంగారుతీగకు ఇది దగ్గరి చుట్టమే. బంగారుతీగకు మూతి దగ్గర మీసాలుంటాయి, దీనికి ఉండవు. సరైన నీళ్లుంటే పదేళ్లు దాటి బతుకుతుంది, కొన్ని రకాలు అడుగు పొడవు దాకా పెరుగుతాయి. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. అలాంటి చేపను చెంబెడు నీళ్లలో పెడితే ఏమవుతుంది? అది వదిలే మలినం అమ్మోనియాగా మారి దానికే విషమవుతుంది. ఆ నీళ్లన్నీ పారబోసి నేరుగా నల్లా నీళ్లు నింపితే క్లోరిన్ దెబ్బ. చేప పోతే మనం 'రాశి లేదు' అనుకుంటాం.

మరి అవ్వ చెప్పినట్టు కాలువలో వదిలితే? అది చైనా కోనేరు కాదు కదా. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఇలా వదిలిన గోల్డ్ ఫిష్‌లు నదుల్లో, సరస్సుల్లో పెరిగిపోయి, అడుగు బురదను కెలికి, నీటి మొక్కలను తిని స్థానిక చేపలకు కష్టం తెచ్చాయి. ఒక చేపకు పుణ్యమని చెరువు మొత్తానికి చేటు చేయకూడదు.

ఈ మాటే చెబితే అవ్వ కాసేపు ఆలోచించి, "అయితే ఎనకాల తొట్టి ఉంది గదా" అంది. పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగానే ఉంది. నీళ్లు నింపి ఒకరోజు ఎండకు వదిలేయాలని, మర్నాడు చేపను వేసి కొంగలు రాకుండా వల కప్పాలని, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చి ఆ నీళ్లు మొక్కలకు పోయాలని అనుకున్నాం. పాప ఆ లెక్కంతా నోట్‌బుక్‌లో రాసుకుంది. మింగ్ కాలపు చైనా ఇళ్లలో పెంచిందీ దాదాపు ఇలాగే.

నీటి కోసం ఇన్నేళ్లుగా కొట్లాడుతున్న నడిగడ్డకు నీటి విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. బొమ్మలా కనబడే ఆ చేపకూ తన వంతు నీళ్లు కావాలని గుర్తుచేస్తే చాలు.